ఏఐ మోడల్ కాల్స్‌ని లాగ్ చేయాలంటే: సొంత టేబులా, గేట్‌వేనా, రాపరా, ఓపెన్‌టెలిమెట్రీనా?

మామూలు ఏపీఐ పాడైతే ఎర్రర్ వస్తుంది, ఎక్కడో ఒక అలర్ట్ మోగుతుంది. మోడల్ అలా కాదు. అంతా బాగుందని చెప్పే 200 స్టేటస్‌తో, చక్కని వాక్యాలతో, పూర్తిగా తప్పు జవాబిచ్చి ఊరుకుంటుంది. కొన్నాళ్లకు కస్టమర్ స్క్రీన్‌షాట్ పంపి "ఇదేంటండీ, మీ బాట్ ఇలా చెప్పింది" అంటాడు. ఆ రోజు ఏ ప్రాంప్ట్ (మోడల్‌కి పంపే పాఠం) వెళ్లింది, ఏ మోడల్ వెర్షన్ జవాబిచ్చింది, అందులోకి ఏ డాక్యుమెంట్ ముక్కలు ఎక్కాయి అన్నది మన దగ్గర రాసి ఉంటేనే తేలుతుంది. లేకపోతే అదే ప్రశ్న మళ్లీ అడిగి చూస్తాం, ఈసారి అది సరిగ్గా చెబుతుంది, అందరం తల గోక్కుంటాం.

ఇలా రాసిపెట్టుకోవడానికి ఇప్పుడు చాలా దారులున్నాయి. చిన్న, ఓ మోస్తరు టీమ్‌లను దృష్టిలో పెట్టుకుని నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను: మన డేటాబేస్‌లోనే సొంత టేబుల్, కాల్స్ అన్నీ తన గుండా పంపించే గేట్‌వే, మన ఫంక్షన్లను చుట్టి రికార్డు చేసే రెడీమేడ్ రాపర్, ట్రేసింగ్‌కి (రిక్వెస్ట్ దాటిన అడుగులన్నిటినీ రాసుకోవడం) ఉన్న ఓపెన్‌టెలిమెట్రీ ప్రమాణం. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: ఏ టూల్ తీసుకున్నా సరే, కనీసం ఒక పొర మీ చేత్తో రాసుకోండి. దానంతటదే పట్టుకునే లైబ్రరీకి మీ యాప్‌లో ఆ కాల్ ఎందుకు జరిగిందో తెలియదు.

## దేన్ని బట్టి పోల్చాలి

ఒక్కో కాల్ చాలా, గొలుసు మొత్తం కావాలా? కరెంటు బిల్లుల మీద తెలుగులో జవాబులిచ్చే బాట్ ఒకటి అనుకుందాం. "ఈ నెల బిల్లు డబుల్ ఎందుకొచ్చింది" అని ఒకరు అడుగుతారు. వెనకాల ఒక చిన్న మోడల్ అది బిల్లు ప్రశ్నా, సరఫరా ఫిర్యాదా తేలుస్తుంది. తర్వాత ఎంబెడింగ్ కాల్ (ప్రశ్నను వెతకడానికి వీలైన సంఖ్యలుగా మార్చడం), టారిఫ్ డాక్యుమెంట్లలో వెతుకులాట, పెద్ద మోడల్‌కి అసలు ప్రశ్న, జవాబు ఫార్మాట్ చెడితే ఇంకోసారి. ఒక్క ప్రశ్నకు నాలుగైదు అడుగులు. తప్పు చివర్లో కనిపిస్తుంది గానీ పుట్టింది మొదటి అడుగులోనే కావచ్చు. అన్నిటినీ ఒకే ట్రేస్ ఐడీతో (ఒక ప్రశ్న గొలుసంతటికీ ఒకే గుర్తింపు నంబరు) కట్టకపోతే, ఒకదానితో ఒకటి సంబంధం లేని వరుసలే మిగులుతాయి.

లాగింగ్ పడిపోతే యాప్ కూడా పడిపోతుందా? చాలామంది ఇది అడగరు. డెమోలో కనిపించే విషయం కాదు కదా.

ప్రాంప్ట్‌లోని మాటలు ఎవరి సర్వర్‌కి వెళ్తున్నాయి? జనం బాట్‌కి అన్నీ చెప్పేస్తారు: సర్వీస్ నంబరు, ఫోన్ నంబరు, ఆధార్, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదో కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ మాటలు మోడల్ కంపెనీకి వెళ్లడం ఒక ఎత్తు, లాగింగ్ కంపెనీ దగ్గర ఇంకో కాపీ పడి ఉండడం ఇంకో ఎత్తు.

ఖర్చు లెక్క ఎంత నిజం? టోకెన్లు (మోడల్ బిల్లు వేసే పాఠం ముక్కలు) కూడితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు, దీని గురించి కింద విడిగా చెబుతాను.

రేపు దాన్ని ఎవరు తెరిచి చూస్తారు? డెవలపర్ ఒక్కడే అయితే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) చాలు. జవాబులు చదివి మార్కులు వేసే తెలుగు కంటెంట్ టీమ్ కూడా ఉంటే స్క్రీన్ కావాలి. మిగతా అన్నిటికంటే ఈ ప్రశ్నే నిర్ణయాన్ని ఎక్కువ మారుస్తుందని నా నమ్మకం.

## ఒక చూపులో

| | సొంత టేబుల్ | గేట్‌వే | రెడీమేడ్ రాపర్ | ఓపెన్‌టెలిమెట్రీ |
|---|---|---|---|---|
| మొదలుపెట్టడం | తేలిక | అన్నిటికంటే తేలిక | తేలిక | కష్టం |
| గొలుసు కనిపించడం | ఐడీలు మనమే కట్టాలి | హెడర్లు పంపితేనే | బాగా | చాలా బాగా |
| కాల్ దారిలో అడ్డు | లాగ్ రాత ఫెయిలైనా కాల్ ఆగకుండా రాస్తే లేదు | ఉంది | లేదు | లేదు |
| డేటా ఎక్కడ | మన దగ్గరే | గేట్‌వే ఎక్కడుంటే అక్కడ | సర్వీస్ దగ్గర, లేదా సెల్ఫ్ హోస్ట్ (మన సర్వర్ మీదే నడపడం) | మనం పంపిన చోట |
| లోకల్ (సొంత మెషీన్ మీద నడిపే) మోడల్స్ | ఏదైనా | అది గుర్తించే ఫార్మాట్ అయితే | చేత్తో రాస్తే ఏదైనా | ఏదైనా |
| డెవలపర్ కానివాళ్లు చూడడానికి | స్క్రీన్ మనమే కట్టాలి | డ్యాష్‌బోర్డ్ ఉంటుంది | బాగుంటుంది | బ్యాకెండ్‌ని (ట్రేస్‌లు దాచి చూపించే సర్వీస్) బట్టి |

## సొంత టేబుల్

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్, మోడల్‌ని పిలిచే ఒకే ఒక్క ఫంక్షన్. యాప్‌లో ఎవరు మోడల్‌ని పిలవాలన్నా ఆ ఫంక్షన్ గుండానే వెళ్లాలి. ఈ ఒక్క నియమం పాటించకుండా కోడ్‌లో పదిచోట్ల లాగ్ లైన్లు చల్లితే, ఏదో ఒక చోట మర్చిపోవడం ఖాయం.

వరుసలో ఉండాల్సినవి: ట్రేస్ ఐడీ, ఈ అడుగు ఐడీ, దీని పై అడుగు ఐడీ, అడుగు పేరు, అడిగిన మోడల్ పేరు, జవాబులో వచ్చిన మోడల్ పేరు (రెండూ వేరుగా ఉండొచ్చు, పొట్టి పేరుతో అడిగితే తేదీ ఉన్న వెర్షన్ పేరు తిరిగి రావడం మామూలే), ప్రాంప్ట్ టెంప్లేట్ వెర్షన్, టెంపరేచర్ (జవాబు ఎంత మారుతూ రావాలో చెప్పేది) లాంటి సెట్టింగులు, టోకెన్ల లెక్క, మొదటి టోకెన్‌కి పట్టిన సమయం, మొత్తం సమయం, ఆగడానికి కారణం, ఎర్రర్. వీటితో పాటు ప్రొవైడర్ (మోడల్ ఇచ్చే కంపెనీ) పంపే రిక్వెస్ట్ ఐడీ. ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ రెండూ దాన్ని రెస్పాన్స్ హెడర్‌లో పంపుతాయి. సపోర్ట్‌కి టికెట్ పెట్టాల్సి వస్తే వాళ్లకు పనికొచ్చేది ఆ ఐడీయే.

చేత్తో రాసే లాగ్‌లో మామూలుగా కనిపించే లోపం, జవాబు వచ్చాకే వరుస రాయడం. టైమ్‌అవుట్ అయిన కాల్, మధ్యలో చచ్చిపోయిన ప్రాసెస్ ఆ టేబుల్‌లో ఉండనే ఉండవు. అంటే మనకు అన్నిటికంటే అవసరమైన వరుసలే మాయం. కాల్‌కి ముందే "మొదలైంది" అని ఒక వరుస పెట్టి, తర్వాత దాన్నే అప్‌డేట్ చేస్తే ఈ ఇబ్బంది పోతుంది. పది నిమిషాలు దాటినా "మొదలైంది"గానే ఉన్న వరుసలేవో ఒక చిన్న క్వెరీతో దొరికిపోతాయి. రాతలు రెట్టింపవుతాయి, నిజమే. మోడల్ కాల్ సెకన్ల మీద నడుస్తుంటే డేటాబేస్ రాత మిల్లీసెకన్లలో ముగుస్తుంది, కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

రీట్రైల (మళ్లీ ప్రయత్నించడం) సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ పైథాన్ ఎస్‌డీకేలు (వాళ్ల ఏపీఐని పిలిచే రెడీమేడ్ లైబ్రరీలు) కొన్ని కారణాలతో ఫెయిలైన కాల్‌ని వాటంతట అవే రెండుసార్లు మళ్లీ ప్రయత్నిస్తాయి. ఎస్‌డీకే బయట గడియారం పెట్టి కొలిస్తే మూడు ప్రయత్నాల సమయం ఒకే కాల్‌లా కనిపిస్తుంది. "మోడల్ స్లో అయింది" అని తిట్టుకుంటాం, అసలు జరిగేది రేట్ లిమిట్ (ఇంత సమయంలో ఇన్నే కాల్స్ అనే హద్దు) తగలడం. సెట్టింగ్‌లో రీట్రైలను సున్నా చేసి, ఆ లూప్ మనమే రాసి, ప్రతి ప్రయత్నానికీ ఒక వరుస వేసుకోవడం మేలు.

ఈ దారి బలహీనత స్క్రీన్. గొలుసును చెట్టులా చూపించే పేజీ, జవాబు పక్కన మార్కు వేసే బటన్, తేదీల ఫిల్టర్... ఒక్కొక్కటీ చిన్న పనే అనిపిస్తుంది. అవన్నీ కట్టేసరికి మీరు అసలు ప్రొడక్ట్ పక్కన ఇంకో ప్రొడక్ట్ నడుపుతుంటారు.

## గేట్‌వే

లైట్‌ఎల్‌ఎల్‌ఎం ప్రాక్సీ, హెలికోన్ లాంటివి. కోడ్‌లో బేస్ యూఆర్‌ఎల్ మార్చి కీ పెడితే చాలు, ఆ దారిన పోయే ప్రతి కాల్ రికార్డవుతుంది. మోడల్ వాడే సర్వీసులు పది ఉన్న కంపెనీలో, ప్రతి టీమ్‌నీ కోడ్ అంతా మార్చమని బతిమాలే పని లేకుండా ఖర్చంతా ఒకచోట చూడాలంటే ఇదే సరైనది. ఒక్కో టీమ్‌కి బడ్జెట్ పరిమితి, ఒక ప్రొవైడర్ పడిపోతే ఇంకొకరికి మళ్లించడం లాంటివి అదనపు లాభం.

కానీ గేట్‌వే టోల్‌గేట్ లాంటిది. ఎన్ని బండ్లు పోయాయో, ఎంత వసూలైందో చెబుతుంది, ఎవరు ఏ పెళ్లికి వెళ్తున్నారో చెప్పలేదు. మన బిల్లు బాట్‌లో టారిఫ్ వెతుకులాట మోడల్ కాల్ కాదు, కాబట్టి గేట్‌వే దాన్ని చూడనే చూడదు. తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది: పాత టారిఫ్ ముక్క దొరికింది, మోడల్ దాన్నే చక్కగా చదివి వినిపించింది. సెషన్ ఐడీ, అడుగు పేరు హెడర్లలో పంపిస్తే గొలుసు కొంత కనిపిస్తుంది. హెడర్లు పంపే కోడ్ మళ్లీ చేత్తో రాసేదే.

పైగా గేట్‌వే పడిపోతే మీ బాట్ మూగబోతుంది. సెల్ఫ్ హోస్ట్ చేస్తే దాన్ని నిలబెట్టే బాధ్యత మీది. హోస్ట్ చేసినది తీసుకుంటే మీ మోడల్ కీలు, ప్రాంప్ట్‌లు ఇంకొకరి సర్వర్ గుండా పోతాయి. కాల్ దారిలోకి రాకుండా రికార్డు మాత్రం విడిగా పంపే లాగర్ హెలికోన్‌లోనే ఉంది. సొంత సర్వర్ మీద నడిపే మోడల్స్‌కి, మామూలు ఎస్‌డీకేలో ఇమడని కాల్స్‌కి అది పనికొస్తుంది. అది వాడితే డ్యాష్‌బోర్డ్ వాళ్లది, కొలతలు మీవి.

## రెడీమేడ్ రాపర్

లాంగ్‌ఫ్యూజ్, లాంగ్‌స్మిత్ ఈ కోవలోవి. ఫంక్షన్ మీద ఒక డెకరేటర్ (ఫంక్షన్‌ని చుట్టే ఒక్క లైను కోడ్) పెడితే లోపల జరిగిన కాల్స్ అన్నీ దాని కింద పిల్లలుగా చేరి చెట్టులా కనిపిస్తాయి. వెతుకులాట ఫంక్షన్ మీద కూడా పెట్టొచ్చు, కాబట్టి గేట్‌వేకి కనపడనిది ఇక్కడ కనపడుతుంది. కంటెంట్ టీమ్‌కి లాగిన్ ఇస్తే వాళ్లే జవాబులు చదివి మార్కులు వేసుకుంటారు. ఈ ఒక్క సుఖం కోసమే చాలా టీమ్‌లు ఇటు వస్తాయి, తప్పేం లేదు.

లాంగ్‌స్మిత్ లాంగ్‌చెయిన్ (మోడల్ యాప్‌లు కట్టే ఒక లైబ్రరీ) వాళ్లదే అయినా లాంగ్‌చెయిన్ లేకుండానూ వాడొచ్చు. సెల్ఫ్ హోస్ట్ మాత్రం ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే. లాంగ్‌ఫ్యూజ్ ప్రధాన భాగం ఎంఐటీ లైసెన్స్‌తో ఓపెన్ సోర్స్, మీ సర్వర్ మీదే పెట్టుకోవచ్చు. "ఓపెన్ సోర్స్ కదా, చిన్న మెషీన్ మీద పెట్టేద్దాం" అనుకునే ముందు మూడో వెర్షన్‌కి ఏమేం కావాలో చూడండి: పోస్ట్‌గ్రెస్, క్లిక్‌హౌస్, రెడిస్, ఎస్3 తరహా స్టోరేజీ. నాలుగింటికీ బ్యాకప్, అప్‌గ్రేడ్ చూసేవాళ్లు ఉండాలి. ఇద్దరే ఉన్న టీమ్‌కి ఇది బరువే.

డెకరేటర్ మ్యాజిక్ తెగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. పైథాన్‌లో పని థ్రెడ్ పూల్‌కి వెళ్తే పై అడుగు సమాచారం దానంతటది వెంట రాకపోవచ్చు. పిల్ల అడుగు వేరే ట్రేస్‌గా విడిపోతుంది. క్యూలో వేసి ఇంకో వర్కర్ తీసుకునే పనికీ ఇంతే, ట్రేస్ ఐడీని మెసేజ్‌లో మనమే పెట్టి పంపాలి. లాంబ్డా లాంటి సర్వర్‌లెస్‌లో (సర్వర్ మనం నడపకుండా, పిలిచినప్పుడే కోడ్ నడిచే సర్వీస్) ఇంకో చిక్కుంది. ఈ లైబ్రరీలు రికార్డుల్ని పోగుచేసి వెనకాల పంపుతాయి, జవాబు ఇచ్చేయగానే లాంబ్డా ప్రాసెస్‌ని అక్కడికక్కడే నిలిపేస్తుంది. చివర్లో ఫ్లష్ (పోగైనవన్నీ వెంటనే పంపెయ్యమనే ఫంక్షన్) పిలవకపోతే ట్రేస్‌లు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. అప్పుడప్పుడూ వచ్చే లాగ్ అసలు లేని లాగ్ కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మేస్తాం.

## ఓపెన్‌టెలిమెట్రీ

2019లో ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ కలిసి ఏర్పడిన ప్రమాణం ఇది. మీ కంపెనీలో మిగతా సర్వీసులకు ఇప్పటికే ట్రేసింగ్ ఉంటే మోడల్ కాల్‌ని ఇంకో స్పాన్‌గా (ట్రేస్‌లో ఒక అడుగు) కలిపేయొచ్చు. మొబైల్ యాప్ నుంచి వచ్చిన రిక్వెస్ట్, డేటాబేస్ క్వెరీ, మోడల్ కాల్ అన్నీ ఒకే గీత మీద కనిపిస్తాయి. మధ్యలో కలెక్టర్ (రికార్డుల్ని అందుకుని ముందుకు పంపే ప్రోగ్రామ్) ఉంటుంది కాబట్టి ఫోన్ నంబర్లు చెరిపేయడం, ఎర్రర్ ట్రేస్‌లు అన్నీ ఉంచి మామూలువి కొన్నే దాచడం, రేపు బ్యాకెండ్ మార్చడం, ఇవన్నీ యాప్ కోడ్ ముట్టుకోకుండా అవుతాయి.

జెన్ ఏఐ (పాఠం లాంటివి తయారుచేసే మోడల్స్) కాల్స్‌కి ఫీల్డ్ పేర్లు ఎలా ఉండాలో దీనిలో ఒక ఒప్పందం తయారవుతోంది. అది ఇంకా కుదురుకోలేదు. టోకెన్ల ఫీల్డ్ పేర్లు ఒకసారి మారాయి, ప్రొవైడర్‌ని చెప్పే ఫీల్డ్ పేరూ మారింది. అందుకని ఆ పేర్లను కోడ్ అంతటా చల్లకుండా ఒక ఫైల్‌లో పెట్టుకోండి. పొడుగాటి ప్రాంప్ట్‌లను స్పాన్‌లో కుక్కడం కూడా బాగుండదు. చాలా బ్యాకెండ్లు పెద్ద విలువల్ని కత్తిరిస్తాయి. పాఠాన్ని స్టోరేజీలో వేసి స్పాన్‌లో దాని అడ్రస్ మాత్రం పెట్టడం నయం.

ట్రేసింగ్ అలవాటే లేని టీమ్ మోడల్ కాల్స్ కోసమని దీంతో మొదలుపెట్టడం నేను సిఫార్సు చేయను. కలెక్టర్ కాన్ఫిగరేషన్‌తోనే వారం గడిచిపోతుంది.

## ఏ దారైనా తప్పని లెక్కలు

స్ట్రీమింగ్ (జవాబు తయారవుతుండగానే ముక్కలుగా పంపడం) ముందు. ఓపెన్‌ఏఐ చాట్ కంప్లీషన్స్‌లో స్ట్రీమ్ పెడితే టోకెన్ల లెక్క అడగందే రాదు. అడిగితే చివరి ముక్కలో వస్తుంది. యూజర్ మధ్యలో ట్యాబ్ మూసేస్తే ఆ చివరి ముక్క అందదు, అయినా అప్పటిదాకా తయారైన జవాబుకి బిల్లు పడుతుంది. ఆంత్రోపిక్‌లో ఇన్‌పుట్ లెక్క మొదటి ఈవెంట్‌లోనే వస్తుంది, అవుట్‌పుట్ లెక్క తర్వాత పెరుగుతూ వస్తుంది. తెగిపోయిన స్ట్రీమ్‌లకు అందినంత పాఠం దాచి, టోకెన్లను అంచనా వేసి, "ఇది అంచనా" అని ఒక గుర్తు పెట్టండి. లేకపోతే నెలాఖరు బిల్లుకీ మీ టేబుల్‌కీ పొంతన కుదరదు.

క్యాష్ టోకెన్ల (ఇంతకుముందే పంపిన పాఠాన్ని ప్రొవైడర్ దాచి మళ్లీ వాడినవి) దగ్గర ఇంకా ఎక్కువమంది పడతారు. ఓపెన్‌ఏఐ చెప్పే ఇన్‌పుట్ సంఖ్యలో క్యాష్ నుంచి వచ్చినవీ కలిసే ఉంటాయి. ఆంత్రోపిక్ చెప్పే ఇన్‌పుట్ సంఖ్యలో అవి ఉండవు, వేరే ఫీల్డ్‌లలో వస్తాయి. రెండిటినీ ఒకే కాలమ్‌లో వేసి ఒకే ధరతో గుణిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ లెక్క వస్తుంది. మామూలు ఇన్‌పుట్, క్యాష్ చదివినవి, క్యాష్‌లో రాసినవి, అవుట్‌పుట్ అని నాలుగు కాలమ్‌లు పెట్టుకోండి. ఆ రోజు ధర కూడా వరుసలోనే రాయండి, ధరలు మారుతుంటాయి. ఒల్లామా (సొంత మెషీన్ మీద మోడల్స్ నడిపే టూల్) వాడేవాళ్లకు చిన్న హెచ్చరిక: అది సమయాన్ని నానోసెకన్లలో ఇస్తుంది. పది లక్షలతో భాగిస్తేనే మిల్లీసెకన్లు.

ఇక తెలుగు లాంటి భాషలకు ఉన్న బాధ. పైథాన్‌లో జేసన్ (డేటా రాసే ఒక ఫార్మాట్) రాసే మామూలు ఫంక్షన్, వద్దని చెప్పకపోతే, తెలుగులో ప్రతి అక్షరాన్నీ, ప్రతి గుణింతపు గుర్తునూ విడివిడిగా ఆరు క్యారెక్టర్ల కోడ్‌గా మారుస్తుంది. "తెలుగు" అనే మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు; అలా మారితే 36. ఫైల్ ఉబ్బడం సరే, అసలు ఇబ్బంది వెతకడంలో. "బిల్లు" అని గ్రెప్ (ఫైల్‌లో మాట వెతికే కమాండ్) కొడితే ఒక్క లైనూ రాదు, లాగ్ ఖాళీగా ఉందనుకుంటాం. అలా మార్చే ఆస్కీ సెట్టింగ్‌ని ఆపేయండి. పాఠాన్ని బైట్ల లెక్కన కత్తిరించకండి, అక్షరం సగంలో తెగి పెట్టె గుర్తులు మిగులుతాయి. నంబర్లు చెరిపే రెగెక్స్ (పాఠంలో నమూనా వెతికే సూత్రం) విషయంలోనూ భాషల మధ్య తేడా ఉంది: పైథాన్‌లో అంకెల గుర్తు తెలుగు అంకెల్ని కూడా పట్టుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో 0 నుంచి 9 వరకే. ఆధార్‌ని జనం నాలుగేసి అంకెలుగా ఖాళీ వదిలి రాస్తారన్నదీ మర్చిపోవద్దు.

## ఎవరికి ఏది

ఒక్కరే కడుతున్నారు, ఒక ప్రశ్నకు ఒకటో రెండో కాల్స్: సొంత టేబుల్. వేరే ఆలోచన అక్కర్లేదు.

నలుగురైదుగురు ఉన్నారు, ఏజెంట్ (తర్వాతి అడుగు తనే ఎంచుకునే బాట్) లాంటిది కడుతున్నారు, జవాబులు చదివే డెవలపర్ కాని మనుషులున్నారు: లాంగ్‌ఫ్యూజ్ తరహా రాపర్. డెకరేటర్లతో మొదలుపెట్టి, థ్రెడ్లు, క్యూలు ఉన్న చోట స్పాన్లు చేత్తో రాయండి. యూజర్ ఐడీ, ప్రాంప్ట్ వెర్షన్, దొరికిన డాక్యుమెంట్ల ఐడీలు ఎలాగూ మీరే ఇవ్వాలి.

సర్వీసులు చాలా ఉన్నాయి, మేనేజ్‌మెంట్ ముందు అడిగేది ఖర్చు: గేట్‌వే. నాణ్యత గొడవ ఎక్కువున్న సర్వీస్‌లో మాత్రం లోపల ట్రేసింగ్ విడిగా పెట్టండి.

ఆసుపత్రి, బ్యాంకు, ప్రభుత్వ పనులు: పాఠం బయటికి పోకూడదు కాబట్టి సొంత టేబుల్, లేదా మీ సర్వర్ల మీదే నడిచే ఓపెన్‌టెలిమెట్రీ. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు భారత న్యాయపరిధిలో ఉంచాలి. దాన్ని చూపించి ప్రతి ప్రాంప్ట్‌నీ అన్ని రోజులు దాచేయకండి. సంఖ్యల్ని ఒక టేబుల్‌లో, పాఠాన్ని ఇంకో టేబుల్‌లో పెడితే రెండిటికీ వేరువేరు గడువులు పెట్టొచ్చు, ఎవరైనా తమ డేటా తీసేయమంటే ఒకచోట తీసేస్తే సరిపోతుంది.

ఏది ఎంచుకున్నా ట్రేస్ ఐడీని సొంతంగా కనిపెట్టకండి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తెచ్చిన ట్రేస్ కాంటెక్స్ట్ ప్రమాణం చెప్పినట్టు ట్రేస్‌కి 32, అడుగుకి 16 హెక్స్ (0-9, a-f) అక్షరాల ఐడీలు వాడండి. ఈ రోజు సొంత టేబుల్‌తో మొదలుపెట్టినా, ఏడాది తర్వాత ఓపెన్‌టెలిమెట్రీకి మారినప్పుడు పాత వరుసల ఐడీలు మార్చాల్సిన పని ఉండదు.